నీటిరంగుల్లో వలస రైతు పొలం – మూడో పాఠం: గడుల లెక్క, పాము కంచె, తెల్లటి ఇల్లు

కుంచె పట్టడం, చదునైన పూత వెయ్యడం మొదటి రెండు పాఠాల్లో అయిపోయాయి. ఇప్పుడు పూర్తి బొమ్మకే దిగుదాం. మనకు ఒరవడి పాల్ సైఫర్ట్. ఆయన 1840లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టి, 1867లో అమెరికా చేరి, విస్కాన్సిన్ రాష్ట్రంలో స్థిరపడ్డాడు. పూలు, పళ్ళు, కూరగాయలు పండించి అమ్ముకునేవాడు. చుట్టుపక్కల పొలాలకు నడిచి వెళ్ళి, రైతు ఇల్లూ వాకిలీ గొడ్డూ గోదా అన్నీ ఒక్క కాగితం మీదికి తెచ్చి, ఆ బొమ్మను రెండున్నర డాలర్లకు ఇచ్చేవాడు. 1921లో కన్నుమూశాడు. ప్లెయిన్ అనే ఊళ్ళో లెమ్యుయెల్ కూపర్ ఇంటిని ఆయన 1879లో వేశాడు. ఆ బొమ్మ న్యూయార్క్‌లోని అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. 1881లో డాడ్జ్‌విల్‌లో వేసిన ఇ.ఆర్. జోన్స్ ఇల్లు కూపర్స్‌టౌన్‌లోని ఫెనిమోర్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. వీలైతే ఈ రెండింటినీ ఇంటర్నెట్‌లో పెద్ద సైజులో తెరిచి పక్కన పెట్టుకోండి.

బొమ్మ కొనేది ఆ పొలం యజమానే. సముద్రం దాటి వచ్చి, అడవి కొట్టి, మొదట దుంగల గుడిసె, తర్వాత పలకల ఇల్లు కట్టుకున్నవాడు. బొమ్మ చేతికి రాగానే తన కిటికీలు ఎన్ని, గుర్రాలు ఎన్ని, గేటు ఏ వైపు తెరుచుకుంటుంది అని చూస్తాడు. ఒక్కటి తప్పినా అది అతని పొలం కాదు. ఈ తరహా బొమ్మలో ప్రతి నిర్ణయమూ ఇక్కడి నుంచే వస్తుంది. ఒకదాని వెనక ఒకటి దాక్కోకూడదు కాబట్టి చూపు ఎత్తు మీద నుంచి ఉంటుంది. దూరపు కొట్టం కూడా దగ్గరి ఇల్లంత స్పష్టంగా ఉంటుంది. వెలుగునీడల మాయ తక్కువ, గీత ఎక్కువ. 1870లలో కౌంటీ అట్లాసులు, అంటే జిల్లా పటాల పుస్తకాలు వేసేవాళ్ళు, డబ్బు కట్టిన రైతుల పొలాలను లితోగ్రాఫులుగా (రాతి అచ్చు బొమ్మలుగా) అచ్చొత్తేవారు. వాటిలోనూ ఇదే ఎత్తు చూపు కనిపిస్తుంది.

కాగితం సంగతి

సైఫర్ట్ తెల్ల కాగితం మీద కాక రంగు కాగితం మీద వేసేవాడు. కూపర్ ఇంటి బొమ్మ సుమారు 55 × 71 సెంటీమీటర్లు. మనం A3 సైజుతో మొదలుపెడదాం, అంటే 42 × 29.7 సెంటీమీటర్లు. గోధుమ రంగుదో బూడిద రంగుదో తీసుకోండి. మరీ ముదురు వద్దు, మరీ లేతా వద్దు. నేల, ఆకాశం, దూరపు పొలం సగం పని కాగితమే చేసిపెడుతుంది. మీరు చెయ్యాల్సింది దానికంటే ముదురువీ, దానికంటే తెల్లనివీ పెట్టడమే.

మామూలు చార్ట్ షీట్ కొనకండి. నీళ్ళు తగలగానే ఉబ్బి అలలు తేలుతుంది, రెండో పూతకు పై పొర నలకలుగా లేస్తుంది. పైగా చాలా చార్టుల రంగు ఎండకు వెలిసిపోతుంది. ఒక ముక్క కత్తిరించి, సగం అట్టతో కప్పి, రెండు వారాలు కిటికీలో పెట్టి చూస్తే తెలిసిపోతుంది. 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) పైబడిన పేస్టెల్ షీట్ అయితే పర్వాలేదు. అన్నిటికంటే నమ్మకమైన దారి, 300 జీఎస్ఎం తెల్ల నీటిరంగు కాగితానికి మీరే రంగు వేసుకోవడం. యెల్లో ఓకర్ నాలుగు పాళ్ళు, బర్న్ట్ అంబర్ ఒక పాలు బాగా నీళ్ళలో కలిపి, వెడల్పు కుంచెతో పైనుంచి కిందికి ఒకే ఊపున పూసి, రాత్రంతా ఆరనివ్వండి. టీ డికాక్షన్ వాడితే పని తేలికే గానీ, అందులోని ఆమ్లాలు కాగితానికి మంచివి కావు.

నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో బోర్డుకు అంటించండి. గీతలకు లేత రంగు పెన్సిలు వాడండి. గట్టిగా రుద్ది చెరిపితే రంగు కాగితం మీద ఆ మచ్చ చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది.

గడుల లెక్క

ఈ లెక్క సైఫర్ట్‌ది కాదు, నేర్చుకునేవాళ్ళ కోసం ఈ పాఠానికి కట్టుకున్నది. ఎత్తు మీద నుంచి చూసిన బొమ్మ నేల మీద నిలబడి గీసేవాళ్ళకు దీనితో దొరుకుతుంది.

కాగితం కింది అంచు నుంచి 4.5 సెంటీమీటర్ల ఎత్తున ఒక అడ్డగీత గీయండి. దాని కింది భాగం అంచుకూ అక్షరాలకూ. ఆ గీతకు సరిగ్గా 16 సెంటీమీటర్ల పైన దిగంత రేఖ, అంటే నేలా ఆకాశమూ కలిసే గీత. ఎడమా కుడీ 3 సెంటీమీటర్లు వదిలితే బొమ్మ వెడల్పు 36 సెంటీమీటర్లు వస్తుంది. దిగంత రేఖ నడిమధ్య ఒక చుక్క పెట్టండి.

ఇప్పుడు అడ్డగీతలు. వాటికి 1, 2 అని కాక 3 నుంచి 8 దాకా పేర్లు పెడుతున్నాం, కారణం వెంటనే తెలుస్తుంది. 48ని గీత పేరుతో భాగిస్తే, ఆ గీత దిగంత రేఖకు ఎన్ని సెంటీమీటర్లు కింద ఉండాలో వస్తుంది. మూడో గీత 16, నాలుగోది 12, ఐదోది 9.6, ఆరోది 8, ఏడోది 6.9, ఎనిమిదోది 6. 36ను అదే అంకెతో భాగిస్తే ఆ గీత మీద ఒక గడి వెడల్పు వస్తుంది. మూడో గీత మీద 12, నాలుగో గీత మీద 9, అలా వెళ్ళి ఎనిమిదో గీత మీద 4.5. నడిమధ్య నుంచి రెండు వైపులా ఈ కొలతలు గుర్తుపెట్టి, పైకీ కిందికీ కలపండి. గీతలన్నీ దిగంత రేఖ మీది చుక్క వైపే పోవాలి. పోకపోతే ఎక్కడో కొలత తప్పింది, ముందుకెళ్ళకుండా అక్కడే సరిచూసుకోండి.

నేల మీద ఒక్కో గడి 36 అడుగుల చదరం. మన కన్ను 48 అడుగుల ఎత్తున ఉన్నట్టు లెక్క. గీత పేరే ఆ గీత మీద స్కేలు. మూడో గీత మీద సెంటీమీటరుకు 3 అడుగులు, ఐదో గీత మీద 5, ఎనిమిదో గీత మీద 8. ఆరడుగుల మనిషి మూడో గీత మీద 2 సెంటీమీటర్లు ఉంటాడు, ఆరో గీత మీద 1 సెంటీమీటరు. ఇంకే లెక్కా అక్కర్లేదు. ఈ తరహా బొమ్మల్లో కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు, ఇంటి ముందు ఆవు వెనకాల కొట్టమంత కావడం. ఈ స్కేలు ఆ తప్పును మొదట్లోనే పట్టేస్తుంది.

ఇంకో సంగతి గమనించండి. 48 అడుగుల కంటే పొట్టిది ఏదీ దిగంత రేఖ దాటదు. ఇంటి కప్పులన్నీ పైనుంచి కనిపిస్తాయి. పెద్ద చెట్ల తలలూ కొండలూ మాత్రమే రేఖ దాటుతాయి.

మొదట వేరే గళ్ళ కాగితం మీద పైనుంచి చూసిన ప్లాన్ వేసుకోండి. ఏది ఏ గడిలో ఉందో చూసుకుంటూ బొమ్మలోకి దించండి. పొలంలో కొలత టేపు అక్కర్లేదు. మామూలు అంగ సుమారు రెండున్నర అడుగులు, పద్నాలుగు పదిహేను అంగలైతే ఒక గడి.

ఏది ఎక్కడ

ఇల్లు ఐదో గీత మీద. ముందు వైపు 28 అడుగులు, అంటే 5.6 సెంటీమీటర్లు. చూరు 16 అడుగుల ఎత్తు, 3.2 సెంటీమీటర్లు. కప్పు కొన 24 అడుగులు, 4.8 సెంటీమీటర్లు. ఇల్లు నడిమధ్యన వద్దు, కాస్త ఎడమకు జరపండి. అప్పుడు ముందు వైపూ పక్క గోడా రెండూ కనిపిస్తాయి.

కుడివైపు ఏడో గీత మీద బార్న్. మన పశువుల కొట్టమూ గడ్డివామూ గాదె ఒకే కప్పు కింద ఉన్నట్టు ఊహించుకోండి. పొడవు 42 అడుగులు, కొన 32 అడుగులు, అంటే 6 సెంటీమీటర్లూ 4.6 సెంటీమీటర్లూ. అక్కడి బార్న్‌లు చాలావాటిని కొండవాలులోకి తొలిచి కట్టేవారు. కింద రాతిగోడ, అందులో పశువులు. వెనక వాలు మీదుగా బండి నేరుగా పై అంతస్తులోకి వెళ్ళి గడ్డి దించేది. రాతిగోడను ఒక వైపు పూర్తిగా చూపించి, వాలు వైపు మట్టిలో కలిసిపోయేలా గీస్తే బొమ్మ ఒక్కసారిగా నమ్మకంగా మారుతుంది.

ఇంటి వెనక పాత దుంగల గుడిసె ఒకటి పెట్టండి. కొత్త ఇల్లు కట్టాక చాలామంది దాన్ని కూల్చకుండా సామాన్ల కొట్టుగా వాడుకునేవారు. 12 × 16 అడుగులు చాలు. ఆ కుటుంబం ఎక్కడ మొదలైందో చెప్పేది అదే.

దిగంత రేఖ పైన కొండలు. విస్కాన్సిన్‌లో ఈ నైరుతి మూలకు మంచుయుగపు హిమానీనదాలు చేరలేదు. అందుకే నేల చదును కాకుండా నిటారు గుట్టలూ ఇరుకు లోయలుగా మిగిలింది. గుండ్రటి మెత్తటి కొండలు వేస్తే అది ఆ ప్రాంతం అనిపించదు.

1880 ప్రాంతపు బొమ్మలో పశువుల మేత నిలవచేసే గుండ్రటి సైలో గోపురం పెట్టకండి. అవి 1890లలో వ్యాపించాయి. గోధుమ చేను మాత్రం పెట్టొచ్చు, పక్కన పాడి ఆవులూ పెట్టొచ్చు. ఏళ్ళ తరబడి గోధుమే వేసి నేల సారం తగ్గింది, దానికి తోడు చించ్ బగ్ పురుగు పంటను తినేసింది. అప్పుడు ఆ రైతులు పాడి వైపు మళ్ళారు. విస్కాన్సిన్ పాడి రైతుల సంఘం 1872లో ఏర్పడింది. అందుకే ఆ కాలపు పొలంలో గోధుమ కుప్పా పాల ఆవూ రెండూ కనిపిస్తాయి. కుప్ప అంటే, పది పన్నెండు కట్టల్ని నిలబెట్టి, మీద రెండు కట్టల్ని గొడుగులా విప్పి కప్పినది. యెల్లో ఓకర్‌లో తెలుపు కలిపి మూడు నాలుగు కుంచె దెబ్బల్లో ముగించండి.

రంగుల వరుస

కావలసినవి యెల్లో ఓకర్, లెమన్ యెల్లో, బర్న్ట్ సియెన్నా, ఇండియన్ రెడ్, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్, తెలుపు. తెలుపు మాత్రం గువాష్ (కింది రంగును కప్పేసే చిక్కటి నీటిరంగు) ట్యూబే కొనండి. పల్చటి నీటిరంగు తెలుపు రంగు కాగితం మీద నిలవదు. 19వ శతాబ్దపు చిత్రకారులకు ఈ పనికి దొరికింది చైనీస్ వైట్ అనే జింక్ తెలుపు. విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ దాన్ని 1834లో తెచ్చింది.

తెల్ల కాగితం మీద లేత నుంచి ముదురుకు వెళ్తాం. ఇక్కడ అలా కాదు. మొదట ముదురువి: కొండలు, చెట్ల గుబుర్లు, కప్పులు, కిటికీ గుంటలు. తర్వాత మధ్యరంగులు: బార్న్ ఎరుపు, పచ్చిక, దున్నిన చేను. తెల్లవి అన్నిటికంటే చివర. ఆకాశాన్ని కాగితానికే వదిలేసి, దిగంతం దగ్గర మాత్రం తెలుపులో కాస్త ఓకర్ కలిపి ఒక సన్నటి పట్టీ లాగండి.

ఆకుపచ్చ, గోధుమ రంగు కాగితం మీద మురికిగా మారుతుంది. అల్ట్రామెరీన్, లెమన్ యెల్లో కలిపాక అందులో ఆరో వంతు తెలుపు కలపండి, తేరుకుంటుంది. బార్న్‌కు ఇండియన్ రెడ్, బర్న్ట్ సియెన్నా సమపాళ్ళు. ఇనుప ఆక్సైడును అవిసె నూనెలో కలిపి పూసేవారు కాబట్టే నిజం బార్న్‌లకు ఆ ఎరుపు. ఇండియన్ రెడ్ కూడా ఇనుప ఆక్సైడే, అందుకే ఆ రంగు అంత సరిగ్గా కుదురుతుంది. క్రిమ్సన్ జాతి ఎరుపులు వాడకండి. వాటిలో కొన్ని మీద వేసిన తెలుపులోకి ఊరి గులాబీ మచ్చలు తెస్తాయి.

తెల్లటి ఇల్లు

పలకల ఇల్లు కట్టి తెల్లరంగు వేయించడం ఆ రైతుకు ఎన్నో ఏళ్ళ కష్టఫలం. బొమ్మలో కన్ను మొదట అక్కడే ఆగాలి.

తెలుపును చిక్కటి మజ్జిగలా కలపండి. ఎండ పడే గోడకు ఒక పూత వేసి పూర్తిగా ఆరనిచ్చి, రెండోది వెయ్యండి. ఒకేసారి పెరుగులా మందంగా పూస్తే, కాగితం కాస్త వంగినా పగుళ్ళిచ్చి పొరలుగా రాలుతుంది. గువాష్‌లో లేత రంగులు ఆరాక ఒక మెట్టు ముదురుతాయి. అందుకే మొదటి పూత మసకగా కనిపిస్తే భయపడొద్దు. నీడ గోడకు అదే తెలుపులో అల్ట్రామెరీన్ చిటికెడు, అంబర్ దానిలో సగం. రెండు గోడల మధ్య తేడా కళ్ళు చికిలించినా తెలియాలి.

ఆరాక స్కేలు పెట్టి పలకల గీతలు లాగండి. లేత బూడిద రంగు, డబుల్ జీరో కుంచె, గీతకూ గీతకూ మిల్లీమీటరున్నర. నిజం పలకలు ఇంకా దగ్గరగా ఉంటాయి గానీ, ఈ సైజులో అన్నీ గీస్తే గోడ బూడిదగా మారిపోతుంది. కిటికీలను ముందే ముదురు దీర్ఘచతురస్రాలుగా వదిలి ఉంచాం. ఇప్పుడు వాటి మీద తెల్లటి అడ్డాలూ నిలువులూ లాగితే అద్దాలు వాటంతట అవే విడిపోతాయి. అద్దాల్ని ఒక్కొక్కటిగా నింపబోతే ఎప్పటికీ సమంగా రావు.

పాము కంచె

ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదే, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఓక్ దుంగల్ని నిలువునా చీల్చి సుమారు 11 అడుగుల వాసాలు తీసేవారు. గుంజ లేదు, మేకు లేదు. వాసాల్ని మెలికలుగా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే, ఆ మెలికల బలానికే కంచె నిలుస్తుంది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మెలికల్ని గోడ మీద గీసిన రంపపు పళ్ళలా పైకీ కిందికీ గీస్తారు. మెలిక నేల మీద ఉంటుంది, గాల్లో కాదు. మొదట నేల మీద దారి గీయండి. మూడో గీత దగ్గర ఒక్కో మెలిక పక్కకు 3 సెంటీమీటర్లు, లోపలికి 6 మిల్లీమీటర్లు. ఒక మూల ముందుకు, ఒక మూల వెనక్కి. ప్రతి మూలలో 1.7 సెంటీమీటర్ల నిలువు గీత లేతగా పెట్టండి, అది ఐదడుగుల ఎత్తు. తర్వాత ఒక్కో వరసకు ఏడు వాసాలు.

మూల దగ్గర కళ్ళు బాగా దగ్గరపెట్టి చూడండి. ఎడమ వరస మొదటి వాసం నేల మీద ఉంటుంది. కుడి వరస మొదటి వాసం కొన దాని మీద ఎక్కుతుంది. దాని మీద ఎడమ వరస రెండోది. వేళ్ళు అల్లుకున్నట్టు అన్నమాట. కాబట్టి కుడి వరస వాసాలన్నీ ఎడమవాటి కంటే సగం మెట్టు పైన ఉంటాయి, కొనలు మూల దాటి రెండేసి మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి. ఆ కొనలు మరిచిపోతే కంచె మడత తెరలా కనిపిస్తుంది.

ఎండావానలకు ఓక్ వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. తెలుపు, అంబర్, అల్ట్రామెరీన్ కలిపి ఒక్కో వాసం ఒకే కుంచె లాగుడులో వెయ్యండి. ఆరాక పై అంచున సన్నటి తెల్ల గీత, కింది అంచున అంబర్ గీత. సందుల్లో రంగు నింపకండి, వెనక చేను కనిపించాలి. ఆరో గీత దగ్గరికి వెళ్ళేసరికి మెలిక లోతు మిల్లీమీటరున్నరే, ఎత్తు 8 మిల్లీమీటర్లు. అక్కడ మూడు గీతలు చాలు, ఏడు వేస్తే నల్లటి పట్టీ అయిపోతుంది.

ఇంటి ముందు నాలుగో గీత మీద తెల్ల పలకల దడి. ఎత్తు 1 సెంటీమీటరు, గుంజలు 2 సెంటీమీటర్లకొకటి. గుంజల సంఖ్య మాత్రం తప్పకూడదు. మధ్య పలకలు సెంటీమీటరుకు నాలుగు వేస్తే చాలు.

జీవాలు, మనుషులు, అక్షరాలు

ఆవులూ గుర్రాలూ పక్క నుంచి చూసిన ఆకారంలోనే వెయ్యండి, అలాగైతే లెక్కకు స్పష్టంగా వస్తాయి. ఆరో గీత దగ్గర ఆవు 7.5 మిల్లీమీటర్ల ఎత్తు. మొదట ఒంటిరంగు, ఆరాక మచ్చలు, చివర కాళ్ళు. కంచె వెనక ఉన్నవి కంచె కంటే ముందే పూర్తి చెయ్యాలి. తర్వాత ఇరికించబోతే వాసాల మధ్య రంగు పొంగి రెండూ పాడవుతాయి.

కింద వదిలిన స్థలంలో యజమాని పేరు, ఊరు, సంవత్సరం రాయాలి. తెలుగులో రాస్తే మూడు సన్న పట్టీలుగా గీతలు కొట్టుకోండి: అక్షరానికి 8 మిల్లీమీటర్లు, పైన గుడికి 3, కింద వత్తుకు 4. వత్తుకు చోటు వదలకుండా రాసి, చివరికి టేపు అంచున వత్తులు తెగిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. అక్షరాలు లెక్కపెట్టి, నడిమి అక్షరాన్ని నడిమధ్య పెట్టి, అక్కడి నుంచి రెండు వైపులా రాయండి.

వచ్చే పాఠానికి ముందు

పాము కంచె ఒక్కటే విడి కాగితం మీద మూడుసార్లు వెయ్యండి. ఆ తర్వాతే పూర్తి బొమ్మకు దిగండి. అది అయ్యాక మీకు బాగా తెలిసిన పొలాన్నో, ఊళ్ళో పాత ఇంటినో అంగలతో కొలిచి ప్లాన్ వేసుకుని ఉంచండి. బావి, కొట్టం, గడ్డివాము, వేపచెట్టు, దడి, ఏదీ వదలొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ ప్లాన్ చూపించి ఏం మరిచిపోయారో అడగండి. నాలుగో పాఠంలో ఆ ప్లాన్‌నే గడుల్లోకి దించి, చెట్లు వెయ్యడం నేర్చుకుందాం.